స్క్రీన్ మీద 33, టైరులో 27

మే నెల రెండో శనివారం, పొద్దున తొమ్మిదిన్నర దాటింది. ఒక కాంపాక్ట్ ఎస్‌యూవీ మా షెడ్డు ముందు ఆగింది. సూర్యాపేటలో హైవే పక్కన అలైన్‌మెంట్, టైర్ల పని చేస్తూ నాకిది పదిహేడో ఏడు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే బళ్ళు దాదాపు సగం దారిలో మా ఊరు చేరతాయి. అందుకే నా దగ్గరికొచ్చే టైర్లు ఎక్కువగా వేడి మీద ఉంటాయి. నూట ముప్పై అయిదు కిలోమీటర్లు పరుగెత్తి, లోపలి గాలి ఉబ్బి, పూర్తి బరువు మోస్తూ వస్తాయి. ఈ కేసులో జరిగినదంతా ఆ వేడి చుట్టూనే తిరిగింది.

బండిలో అయిదుగురు. నడిపే ఆయన, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, వెనక సీట్లో ఆయన తండ్రి. డిక్కీ నిండా పెళ్ళి సామాను. ఆయన దిగుతూనే చెప్పింది ఇదీ:

"అన్నా, లైను మారినప్పుడల్లా బండి వెనకవైపు ఊగుతున్నట్టుంది. నార్కట్‌పల్లి దగ్గర టీకి ఆగితే ఒక లారీ క్లీనరు వచ్చి వెనక ఎడమ టైరు కూర్చుంది చూసుకోండి అన్నాడు. స్క్రీన్ చూశా, ఎక్కడా తక్కువ లేదు. సరే, ఎందుకైనా మంచిదని మీ దగ్గర ఆపాను."

నాలుగు టైర్లలో గాలి ఒత్తిడిని పీఎస్‌ఐ కొలతలో చూపించే ఆ డ్యాష్‌బోర్డు స్క్రీన్ నేనూ చూశాను. ముందు ఎడమ 33, ముందు కుడి 39, వెనక ఎడమ 44, వెనక కుడి 38. వార్నింగ్ లైటు లేదు. డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద మామూలు బరువుకు నాలుగింటికీ 33, ఫుల్ లోడుకు వెనక రెండింటికీ 36 అని ఉంది. ఆయన వేలు పెట్టి చూపించి అన్నాడు: "ముందు ఎడమది కరెక్టుగా 33 ఉంది. మిగతా మూడింట్లో ఎక్కువైంది, ఊగేది అందుకే అనుకుంటా. కొంచెం తీసేసి అన్నీ 33కి పెట్టన్నా."

ఆయన అడిగినట్టు చేసుంటే ఏమయ్యేదో తర్వాత లెక్క వేసుకుని చాలాసేపు ఇబ్బంది పడ్డాను. అలా అడిగేవాళ్ళు ఎండాకాలంలో రోజుకొకరైనా వస్తారు. అడిగినట్టే చేసిపెట్టే చోట్లూ రోడ్డు పొడుగునా ఉన్నాయి.

కొలిచినప్పుడు

క్లీనరు చెప్పిన మాట చెవిలో ఉంది కాబట్టి చేతి గేజు తీసుకుని మొదట వెనక ఎడమ టైరుకే పెట్టాను. 33 చూపించింది. స్క్రీన్ అక్కడ 44 అంటోంది. వాల్వ్ మీద గేజు సరిగ్గా కూర్చోలేదేమో అనుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ 33. గేజు పాడైందేమోనని అనుమానం కూడా వచ్చింది, ఒప్పుకుంటాను. ముందు ఎడమ టైరుకు పెడితే 44 వచ్చింది. కుడివైపు వెనక 39, ముందు 38. స్క్రీన్ మీది నాలుగు అంకెలూ నా గేజులో ఉన్నాయి, కానీ ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారిపోయి ఉన్నాయి.

"టైర్లు ఎప్పుడు మార్పించారు సార్?" అని అడిగాను. మూడు వారాల కింద హైదరాబాద్‌లో ఒక షాపులో అలైన్‌మెంట్‌తో పాటు రొటేషన్ చేయించానన్నాడు. ముందు టైరు వెనక్కి, వెనకది ముందుకి, అదే పక్కన. బండి నాలుగేళ్ళది, 46 వేల కిలోమీటర్లు తిరిగింది, ఆ వయసుకు రొటేషన్ సరైన పనే. చేసినవాళ్ళు మిగిల్చేసిన పని ఒకటుంది. ఈ బండిలో చక్రానికో సెన్సర్ వాల్వ్ వెనక రిమ్ము లోపల బిగించి ఉంటుంది. ఒక్కో సెన్సర్‌కు ఒక్కో నంబరు. ఫలానా నంబరుది ముందు ఎడమ, ఫలానా నంబరుది వెనక ఎడమ అని బండి కంప్యూటర్ ఒకసారి గుర్తుపెట్టుకుంటుంది. చక్రాలు చోటు మారితే ఆ గుర్తును కూడా మార్చాలి. కొన్ని బళ్ళు కాస్త దూరం నడిచాక తమంతట తామే పసిగడతాయి. ఇది అలాంటిది కాదు, టూలు పెట్టి నేర్పాలి. నేర్పలేదు కాబట్టి మూడు వారాలుగా స్క్రీన్ పాత చిరునామాలే చూపిస్తోంది.

మా దగ్గరున్న టీపీఎంఎస్ (టైర్ల ఒత్తిడిని కనిపెట్టే వ్యవస్థ) టూలును వాల్వ్ పక్కన పెడితే అది 125 కిలోహెర్ట్జ్ సంకేతంతో సెన్సర్‌ను నిద్ర లేపుతుంది, సెన్సర్ 433 మెగాహెర్ట్జ్ మీద జవాబు చెబుతుంది. నంబరు, ఒత్తిడి, ఉష్ణోగ్రత, బ్యాటరీ స్థితి అన్నీ వస్తాయి. డ్యాష్‌బోర్డు స్క్రీన్ డ్రైవరుకు ఒత్తిడి ఒక్కటే చూపిస్తుంది. సెన్సర్ పంపుతున్న ఉష్ణోగ్రతను ఇలాంటి చాలా బళ్ళు లోపలే దాచుకుంటాయి. నిజానికి అంకెకు అర్థం చెప్పేది అదే. ఆరోజు టూలులో వచ్చిన లెక్క, చక్రాలు నిజంగా ఉన్న చోట్ల ప్రకారం:

వెనక ఎడమ: 33 పీఎస్‌ఐ, 71 డిగ్రీలు.
వెనక కుడి: 39 పీఎస్‌ఐ, 66 డిగ్రీలు.
ముందు కుడి: 38 పీఎస్‌ఐ, 62 డిగ్రీలు.
ముందు ఎడమ: 44 పీఎస్‌ఐ, 61 డిగ్రీలు.

అన్నిటికంటే తక్కువ గాలి ఉన్న టైరే అన్నిటికంటే వేడిగా ఉంది. చెయ్యి పెట్టి చూసినా తేడా తెలుస్తోంది.

ఫోటో

చల్లగా ఉన్నప్పుడు ఆ టైరులో ఎంత గాలి ఉందో తెలిస్తే తప్ప ఏ నిర్ణయానికీ రాలేం. సాధారణంగా ఆ సమాచారం నాకు దొరకదు. ఈసారి దొరికింది. పొద్దున బయల్దేరి ఇంటి నుంచి కిలోమీటరు వెళ్ళకముందే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన భార్య డ్యాష్‌బోర్డు ఫోటో తీసి "బయల్దేరాం" అని వాట్సాప్ గ్రూపులో పెట్టారట. టైమూ, బయటి ఉష్ణోగ్రతా చూపించడానికి తీసిన ఫోటో అది. బయట 28 డిగ్రీలు. పక్కనే టైర్ల పేజీ తెరిచి ఉంది. ముందు ఎడమ 27, ముందు కుడి 33, వెనక ఎడమ 38, వెనక కుడి 33.

అంటే చిరునామా సరిచేసి చదివితే, 36 ఉండాల్సిన వెనక ఎడమ టైరు ఫుల్ లోడుతో 27 మీద హైవే ఎక్కింది. తొమ్మిది పాయింట్ల లోటు. ముందు ఎడమ టైరు, 33 ఉండాల్సింది, 38తో బయల్దేరింది.

"27 చూడలేదా సార్?" అన్నాను. చూశాడు. గ్రూపులో వాళ్ళ తమ్ముడు కూడా గమనించి "అన్నయ్యా, ఒకటి తక్కువుంది" అని రాశాడు. ఈయన దారిలో గాలి పట్టిద్దామనుకున్నాడు. చౌటుప్పల్ దాటేసరికి అదే చోట 31 కనిపించింది, ఆ తర్వాత 32, 33. "వేడికి సర్దుకుంది కదా అని ఆపలేదు" అన్నాడు. ఆయన చదువుకున్న మనిషి, బండిని శ్రద్ధగా చూసుకునే మనిషి. స్క్రీన్ మీది అంకె స్టిక్కరు మీది అంకెతో కలిసేసరికి నిశ్చింతపడ్డాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేసుండేవాళ్ళు.

ముందు ఎడమ టైరులో 38 ఎందుకుందో తర్వాత అడిగితే తెలిసింది. వారం కింద స్క్రీన్ పొద్దున్నే ముందు ఎడమ 29 అని చూపించిందట. సాయంత్రం బంకుకు వెళ్ళి ముందు ఎడమ టైరుకు గాలి పెట్టమన్నాడు. బంకు కుర్రాడు మిషను తగిలించి "ఇందులో 35 ఉంది సార్" అన్నాడు. ఈయన స్క్రీన్ చూపించి "నీ మీటరు తప్పు, కారు చెబుతోంది కదా" అని నచ్చజెప్పి 40 దాకా కొట్టించాడు. స్క్రీన్ మీద ముందు ఎడమ అంకె కదల్లేదు. అప్‌డేట్ అవడానికి టైము పడుతుందిలే అనుకుని ఇంటికెళ్ళాడు. ఆరోజు బంకులో నిజం చెప్పింది ఆ కుర్రాడి మీటరే. అతని పేరు తెలిస్తే వెళ్ళి ఆ మాట చెప్పాలని ఉంది.

వేడి లెక్క

ఈ భాగం కాస్త నిదానంగా చెబుతాను. నా దగ్గరికొచ్చే ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే పొరబడతారు.

స్టిక్కరు మీది 33 చల్లటి టైరుకు చెప్పిన అంకె. కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండి, ఎండ తగలని చోట. స్క్రీన్ మీది 33 మాత్రం ఈ నిమిషంలో టైరు లోపల ఉన్న ఒత్తిడి. పక్కపక్కన పెట్టి పోల్చాల్సిన అంకెలు కావివి. రెండింటికీ ఒకే యూనిట్ ఉండటం వల్ల పోల్చేస్తాం.

మూసి ఉన్న టైరులో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, ఇది అందరికీ తెలుసు. ఎంత పెరుగుతుందో లెక్క వేయాలంటే గేజు చూపే 33కి బయటి వాతావరణపు ఒత్తిడి 14.7 కలపాలి. అసలు ఒత్తిడి 47.7. వేడితో పెరిగేది ఈ మొత్తం. 28 డిగ్రీల దగ్గర ప్రతి 10 డిగ్రీలకూ సుమారు 1.6 పీఎస్‌ఐ పెరుగుతుంది. టైరు 28 నుంచి 66 డిగ్రీలకు వెళ్తే 33 కాస్తా 39 అవుతుంది. వెనక కుడి టైరులో సరిగ్గా అదే జరిగింది. అది ఎక్కువ గాలి కాదు. మూడు గంటలు హైవే మీద పరుగెత్తిన ఆరోగ్యమైన టైరు మే నెలలో చూపించాల్సిన అంకె 39.

27తో బయల్దేరిన టైరు అదే 66 డిగ్రీలకు 32 అవుతుంది. పైగా గాలి తక్కువైన టైరుకు పక్కగోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువ మడత పడుతుంది. రబ్బరు, లోపలి దారాలు ఆ మడతకు వేడెక్కుతాయి. అందుకే అది 66 దగ్గర ఆగకుండా 71కి పోయింది. ఆ అదనపు వేడి స్క్రీన్ మీద దాదాపు ఇంకో పాయింటు పెంచి చూపించింది. తక్కువ గాలి ఉన్న టైరు ఇలా తన లోటును తానే కప్పుకుంటుంది.

ఇప్పుడు ఆయన అడిగినట్టు మిగతా మూడింటినీ 33కి దించి ఉంటే? వెనక కుడి టైరులో 39 తీసి 33 పెడితే, రాత్రి చల్లారాక అది దాదాపు 28కి పడిపోయేది. నాలుగు టైర్లూ 27, 28 దగ్గర సమానంగా ఉండేవి. స్క్రీన్ మీద నాలుగూ ఒకేలా, ముచ్చటగా కనిపించేవి. తిరుగు ప్రయాణం ఆ టైర్ల మీద జరిగేది.

నైట్రోజన్ కొట్టిస్తే వేడికి పెరగదని నమ్మేవాళ్ళు చాలామంది. ఈయనా అడిగాడు. మామూలు గాలిలోనే దాదాపు 78 శాతం నైట్రోజన్. పొడి నైట్రోజన్‌లో తేమ ఉండదు, అది మంచిదే. కానీ వేడికి ఒత్తిడి పెరిగే లెక్క రెండింటికీ ఒకటే.

లైటు ఎందుకు వెలగలేదు

లైటు వెలిగే గీత చాలా కింద ఉంటుంది, మనం అనుకునే చోట ఉండదు. ఈ వ్యవస్థ చట్టంలోకి వచ్చింది అమెరికాలో. 2000లో ఒక పెద్ద టైర్ల రీకాల్, ఎస్‌యూవీలు బోల్తాపడిన ప్రమాదాలు, ఆ ఏడాది నవంబర్‌లో ట్రెడ్ (TREAD) అనే వాహన భద్రతా చట్టం. దాని వెంట వచ్చిన నిబంధన ప్రకారం కంపెనీ సూచించిన చల్లటి ఒత్తిడికి 25 శాతం తగ్గాక, 20 నిమిషాల లోపు లైటు వెలగాలి. యూరప్‌లో గీత 20 శాతం దగ్గర ఉంది. 33కి 25 శాతం తీసేస్తే దాదాపు 24.8, 20 శాతం తీసేస్తే 26.4. మన బండి 27 మీద బయల్దేరింది. రెండు గీతలకూ పైనే ఉంది. అయిదు నిమిషాలు నడిచాక ఇంకా పైకి పోయింది. చట్టం అడిగిన పనిని బండి సక్రమంగానే చేసింది.

ఇంకో సంగతి. బండిలో ఇద్దరున్నారా, అయిదుగురూ సామానూ ఉన్నారా అన్నది ఈ వ్యవస్థకు తెలియదు. ఫుల్ లోడుకు 36 కావాలని స్టిక్కరు చెబుతుంది, స్క్రీన్ చెప్పదు. ఈ సైజు టైరు, 215/60 ఆర్17, లోడ్ ఇండెక్స్ 96. అంటే 710 కిలోలు. అది 36 పీఎస్‌ఐ దగ్గర మోయగల బరువు. గాలి తగ్గితే ఆ బరువూ తగ్గుతుంది. టైరు మీద అచ్చేసిన అంకె మాత్రం మారదు.

లైటు గురించి మరొకటి చాలామందికి తెలియక నన్ను ఫోన్లో అడుగుతుంటారు. బండి స్టార్ట్ చేయగానే నిలకడగా వెలిగితే గాలి తక్కువ. ఒక నిమిషం పైచిలుకు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే అది వ్యవస్థ లోపం. సెన్సర్ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, సెన్సర్ విరిగి ఉండొచ్చు, సెన్సర్ లేని చక్రం తగిలించి ఉండొచ్చు. సెన్సర్‌లో లిథియం బ్యాటరీ ఉంటుంది, మార్చడానికి వీలు లేకుండా మైనంలాంటి దానిలో పోసేసి ఉంటుంది. అయిదు నుంచి పదేళ్ళు వస్తుంది. ఆ తర్వాత సెన్సరే మార్చాలి.

టైరు విప్పాక

సబ్బు నీళ్ళు కొడితే ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) లోపలి అంచుకు దగ్గరగా ఒక పాత స్ట్రిప్ పంక్చర్ (బయటి నుంచే రబ్బరు పట్టీ దూర్చి వేసేది) దగ్గర బుడగలు వచ్చాయి. సన్నగా, ఆగి ఆగి. ఎప్పుడో రోడ్డు పక్కన వేసిన పంక్చర్. 33 నుంచి రెండు వారాల్లో 29, మూడో వారానికి 27. వారానికి రెండు పాయింట్ల లీకు. ఇంత నెమ్మదిగా పోయే గాలిని పగటి వేడి పూర్తిగా కప్పేస్తుంది. పొద్దున మొదటి కిలోమీటరులో కనిపించే అంకెలో తప్ప అది ఎక్కడా బయటపడదు.

బీడ్ (రిమ్ముకు పట్టుకుని ఉండే టైరు అంచు) విడగొట్టేటప్పుడు సెన్సర్ వైపు నుంచి మొదలుపెట్టకూడదు, విరుగుతుంది. టైరు విప్పి లోపల లైటు వేసి చూశాను. పక్కగోడ లోపలివైపు, టైరు భుజం (ట్రెడ్, పక్కగోడ కలిసే చోటు) కింద చుట్టూ ఒక సన్నని మసక గీత పడి ఉంది. చేత్తో రాస్తే కొద్దిగా నల్లపొడి అంటింది. పూర్తిగా గాలి లేకుండా నడిచిన టైరులో గుప్పెడు రబ్బరు పొడి రాలుతుంది. ఇది అంత కాదు. ఈ స్థితిలో ఏ నిర్ణయం తీసుకోవాలన్నదే నా పనిలో కష్టమైన భాగం. టైరు పగల్లేదు, బయట ఉబ్బు లేదు, ట్రెడ్ ఇంకా 3.5 మిల్లీమీటర్లుంది. లోపల దారాల పొర ఎంత దెబ్బతిన్నదో కళ్ళతో చెప్పలేం. సిటీలో తిరిగే బండి అయితే లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేసి గమనించమనేవాణ్ణేమో. పంక్చర్ అంచుకు దగ్గరగా ఉంది, లోపల గీత పడింది, బండిలో అయిదుగురున్నారు, బయట ఎండ నలభై దాటుతోంది. ఇక ఈ టైరు ఈ బండికి వద్దన్నాను. పెద్దాయన అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్నారు, వచ్చి ఆ గీత మీద వేలు రాసి చూసుకున్నారు. మారు మాట్లాడలేదు.

ఆ సైజు టైరు ఆరోజు నా దగ్గర లేదు. తెప్పించాలంటే సాయంత్రం అవుతుంది, వాళ్ళకు మధ్యాహ్నానికల్లా విజయవాడ చేరాలి. స్టెప్నీ వేద్దామన్నాను. 16 అంగుళాల స్టీలు రిమ్ము, గంటకు 80 దాటకూడదని దాని మీదే రాసి ఉంది. గేజు పెడితే 19 వచ్చింది. కొన్నప్పటి నుంచి దాన్ని ఎవరూ బయటికి తీయలేదు. దానికి సెన్సర్ లేదు, స్క్రీన్ మీద ఉండేవి నాలుగు టైర్లే. అయిదోది ఉందన్న సంగతి స్క్రీన్ వల్లే మర్చిపోతాం. మన దేశంలో 2020 జులైలో వచ్చిన సవరణ ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంక్చర్ కిట్టు ఉన్న 3.5 టన్నుల లోపు బళ్ళకు స్టెప్నీ తప్పనిసరి కాదు. ఆరోజు పరిస్థితి తలుచుకుంటే నాకు ఆ సవరణ మీద నమ్మకం కుదరదు. కిట్టులోని జిగురు పోసి ఆ టైరును విజయవాడ దాకా నడిపి ఉంటే లీకు ఆగేదేమో కానీ పక్కగోడ బాగుపడదు.

స్టెప్నీకి దాని స్టిక్కరు చెప్పినంత గాలి పట్టి వెనక ఎడమవైపు వేశాను. వెనక కుడి టైరుకు ఫుల్ లోడు లెక్కన చల్లగా 36 ఉండాలి. ఆ వేడిలో దానికి సమానమైనది 42, అంతే పెట్టాను. ముందు ఎడమ టైరులో 44 ఉంది, దాని జోడీ ముందు కుడిది 38. దాదాపు ఒకే వేడిలో ఉన్న జంట కాబట్టి 38కి దించాను. వేడి టైరులో గాలి తీయకూడదని అందరికీ చెబుతుంటాను. ఈ ఒక్క సందర్భంలోనే తీస్తాను, ఒకే యాక్సిల్ మీద జోడీ టైరు సరైనదని రుజువు చేతిలో ఉన్నప్పుడు. మిగిలిన మూడు సెన్సర్లకూ టూలుతో చోట్లు నేర్పాను. విప్పిన చక్రం డిక్కీలోకి పోయింది. వెనక ఎడమవైపు ఇప్పుడు సెన్సర్ లేదు కాబట్టి లైటు కాసేపు మిణుకుమని వెలుగుతూనే ఉంటుంది, భయపడొద్దని చెప్పి పంపాను.

బటన్ నొక్కే బళ్ళు

ఈ కేసు సెన్సర్ ఉన్న బండిది. రోడ్డు మీద మరో రకం కూడా బోలెడన్ని ఉన్నాయి. వాటిలో టైరు లోపల ఏ సెన్సరూ ఉండదు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) కోసం ఉన్న చక్రాల వేగపు సెన్సర్లనే బండి కంప్యూటర్ వాడుకుని, గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కాస్త తగ్గి మిగతావాటికంటే వేగంగా తిరుగుతోందా అని చూస్తుంది. పీఎస్‌ఐ చూపించదు, లైటు మాత్రమే. గాలి పట్టించాక సెట్ బటన్ నొక్కి "ఇదే సరైన స్థితి" అని దానికి చెప్పాలి.

ఆ బటన్‌ను లైటు ఆర్పే బటన్‌గా వాడటం నేను ఎన్నోసార్లు చూశాను. లైటు వెలుగుతుంది, దారిలో బంకు లేదు, బటన్ నొక్కితే ఆరిపోతుంది. ఆ క్షణం నుంచి తక్కువ గాలే ఆ బండికి సరైన గాలి. నాలుగు టైర్లలోనూ నెలల తరబడి సమానంగా గాలి దిగినా ఈ రకం పాత వ్యవస్థలు పట్టుకోలేవు, పోల్చడానికి మంచి టైరు ఒక్కటీ మిగలదు కాబట్టి.

మూడో రోజు, ఆ తర్వాత

తిరుగు ప్రయాణంలో సోమవారం సాయంత్రం ఆగారు. ఈలోపు రెండు టైర్లు తెప్పించి ఉంచాను. రెండూ వెనకే వేశాను, తడి రోడ్డు మీద వెనకభాగం జారకుండా కొత్త ట్రెడ్ వెనక ఉండాలి. నాలుగు సెన్సర్లకూ చోట్లు నేర్పి, ఒక్కో టైరులో రెండు పాయింట్లు తీసి స్క్రీన్ మీద ఏ చోట అంకె తగ్గుతుందో ఆయనకే చూపించి, మళ్ళీ నింపాను. రొటేషన్ తర్వాత ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. చేయకుండా బండి ఇచ్చేయడం నా దృష్టిలో పని సగంలో వదిలేయడమే. అప్పుడే ఒక చేతి గేజు కూడా కొన్నాడు.

రెండు వారాలకు ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దున్నే గేజు పెడితే నాలుగూ 33. స్క్రీన్ మీద 32. మీ దగ్గర చూసినప్పుడు రెండూ కలిశాయి. ఏది తప్పు?"

రెండింట్లో ఏదీ తప్పు కాకపోవచ్చు. సెన్సర్ కొలిచేది పూర్తి ఒత్తిడిని, వాతావరణపు వాటాతో కలిపి. స్క్రీన్ మీదికి వచ్చేముందు ఆ వాటా తీసేయాలి. చాలా బళ్ళు సముద్రమట్టం దగ్గరి విలువను ఒకేలా తీసేస్తాయి. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ బయటి గాలి ఒత్తిడి సుమారు 0.9 పీఎస్‌ఐ తక్కువ. చేతి గేజు అక్కడి బయటి గాలితో పోల్చి చూపుతుంది కాబట్టి ఆ మేరకు ఎక్కువ చూపిస్తుంది. విజయవాడలో పెడితే రెండూ దాదాపు కలుస్తాయి. మా సూర్యాపేట హైదరాబాద్ కంటే బాగా దిగువన ఉంది కాబట్టి ఇక్కడ తేడా కనపడలేదు. సెన్సర్‌లో కూడా ఒక పాయింటు అటూ ఇటూ తేడా ఉండొచ్చు, స్క్రీన్ దశాంశాలు చూపించదు. అందుకని ఈ ఒక్క పాయింటుకు ఇదే కారణమని ఒట్టు వేయలేను. లదాఖ్ వెళ్ళే మావాళ్ళకు మాత్రం ముందే చెప్పి పంపుతాను. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, అలాంటి స్క్రీన్‌కూ గేజుకూ అక్కడ అయిదు పాయింట్ల దాకా తేడా వస్తుంది. స్క్రీన్ చూసి గాలి కొట్టించుకుంటే టైరు బిర్రబిగుసుకుంటుంది.

ఆయన ఇప్పుడు నెలకు రెండుసార్లు, పొద్దున బండి తీయకముందు అయిదు టైర్లకూ గేజు పెడుతున్నాడు. అంకెలు నాకు పంపుతాడు, నేను కార్డు మీద రాసుకుంటాను. కిందటి నెల వచ్చినవి: 33, 33, 33, 32, స్టెప్నీ సరిగానే ఉంది. వెనక కుడిది ఒక పాయింటు తగ్గింది, పదిహేను రోజులకు మళ్ళీ చూడమన్నాను. సెన్సర్లు నాలుగూ నాలుగేళ్ళవి, టూలులో బ్యాటరీలు బాగానే చూపిస్తున్నాయి. తర్వాతి రొటేషన్ 56 వేల దగ్గర, చోట్లు నేర్పాలి అని కార్డు పైన ఎర్రసిరాతో రాసి పెట్టాను.